తూఫాన్ కుంటిన దీవాలి

దసరనాడు పంచుకున్న జమ్మాకు నా అంగి జేబుల ఇంక ఎండనే లేదు, మా తూఫాన్ కుంటుడు షురూ చేసిండు.

తూఫాన్ మా దున్నపోతు. శాలిబండల మాకు చిన్న కొట్టం ఉన్నది. పది పన్నెండు బర్రెలు. పొద్దుగాల లేసి పాలు పిండి గల్లీ గల్లీ తిరిగి పోసుడు మా తాత నాటి సంది మా పని. బర్రెలు బువ్వ పెడితే తూఫాన్ ఇజ్జత్ పెడ్తడు. దీవాలి తెల్లారి సదర్ పండుగనాడు దున్నపోతులకు నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, మెడల గవ్వల దండలు కట్టి, డప్పుల నడుమ బజార్ల తిప్పుతం. ఎనక కాళ్ల మీద నిలవెడ్తం. ఎవని దున్న ఎంత ఎత్తు లేస్తె వాని మీసం అంత పైకి. గసుంటి పండుగ ముంగటికొచ్చినంక వీడు ముందటి కాలు భూమికి ఆనిస్తలేడు.

మా బాపు సాయిలు దాని పక్కకే పీటేస్కొని కూసున్నడు.

"నాకు జరమొచ్చిననాడు గింత ఫికర్ చెయ్యలే" అన్నది అమ్మ.

"నువ్వు జరంల గూడ నిలవడి లొల్లి చేస్తివి గదనే పుష్పా" అన్నడు బాపు. మళ్ల నా దిక్కు తిరిగి, "పశువుల దవాఖాన్ల కొత్త డాక్టరమ్మ వచ్చిందట. పోయి పిల్సుకరా" అన్నడు.

గట్ల వచ్చింది సువర్చల మా కొట్టానికి.

కాకినాడ దిక్కు మనిషి. యాభై దాటినయి. జుట్టు సగం తెలుపు, రంగెయ్యలే. కాటన్ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, రబ్బరు బూట్లు తొడుక్కొని, తూఫాన్ చుట్టు ఒక్క తాప తిరిగి చూసింది.

"దీన్ని పట్టుకునేదెవరు?"

"నేనేనమ్మా. బాలకిషన్."

"తల గట్టిగా పట్టుకో బాలకిషన్. అది నన్ను పొడిస్తే నేను నిన్ను పొడుస్తా."

తూఫాన్ చెవి దగ్గర ఏందో మెల్లగ చెప్పింది. కాలెత్తి తొడ మీద పెట్టుకున్నది. గిట్ట సందుల కత్తి మొన పెట్టి కదిపితె చీము, దాని ఎనక తుప్పు పట్టిన మేకు ముక్క బయటికొచ్చినయి. మనుషుల్ని చూస్తె బుసకొట్టే తూఫాన్ పసిపిల్లగాని లెక్క నిలవడ్డడు.

"ఇంత ఒళ్ళేసుకుని ఇంత మేకుకి ఓడిపోయావా నువ్వు" అని వాని మెడ మీద చరిచింది. "రోజూ కడిగి కట్టు కట్టాలి. తడి తగలనివ్వొద్దు. పండగ సంగతి ఇప్పుడే మాటివ్వను."

చేతులు కడుక్కొని, ముఖం మీద పడ్డ జుట్టును మణికట్టుతోని ఎనక్కి నెట్టుకొని నవ్వింది. కండ్ల పక్కన ముడతలు ఇసనకర్ర లెక్క తెర్సుకున్నయి. నేను తాడు ఇడిసిపెట్టుడే మర్శిన.

ఉన్నది ఉన్నట్టు చెప్త. అప్పుడు నాకు ముప్పై మూడేండ్లు. అమ్మ సూపించిన పిల్లలందర్ని సూసిన. అందరు మంచి పిల్లలే. వాళ్ల ముంగట కూసుంటె ఏం మాట్లాడాల్నో సమజ్ గాకపోయేది. వయసొచ్చినప్పటి సంది నా కన్ను పెద్ద ఆడోళ్ల మీదనే పోయేది. ఒకని మెప్పు కోసం మాట్లాడనోళ్లు, నవ్వొస్తె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోనోళ్లు, "నాకిది నచ్చలే" అని నిమ్మలంగ చెప్పి ఊకునేటోళ్లు. గా తెల్ల ఎంటికలు గూడ నాకు ముద్దుగనే కొట్టేవి. దోస్తులకు చెప్తె నవ్వుతరని ఎవ్వలకు చెప్పలే. నా మనసులనే పెట్టుకొని తిరిగిన.

కట్టు కట్టుడు పావుగంట పని. మేము గంట చేస్తుంటిమి. ఆమె గేదె అంటది, నేను బర్రె అంట. "బర్రె అంటే నల్లగా ఉన్నట్టుంది, గేదె అంటే గౌరవంగా ఉంది" అంటది. "మా గౌరినడుగుండ్రి, ఏమంటె పలుకుతదో" అంట నేను. గౌరి మా ముసలి బర్రె. ఆమె "గేదమ్మా" అని పిలుస్తె గౌరి తోకన్న ఊపలే. ఆమె ఓడిపోయింది.

ఒకరోజు అడగకుంటనే చెప్పింది. పెండ్లయిందట, ఆమెకు ముప్పై ఏండ్లున్నప్పుడే ఇడిపోయిన్రట.

"చెడ్డవాడేం కాదు. నేను మాట్లాడుతుంటే పేపరు చదివేవాడు. కొన్నేళ్ళు చూశాను, పేపరు అవ్వలేదు."

నేను నవ్విన. ఆమె గూడ నవ్వింది. మళ్ల దూది చేతులకు తీస్కున్నది. "ఇరవై ఏళ్ళయింది ఒక్కదాన్నే ఉండి. అలవాటైపోయింది" అన్నది. అలవాటైందన్నది గని బాగున్నదనలే.

ఆ వారంలనే శాలిబండ మూలకున్న ఇరానీ హోటల్ల చాయ్ తాగుతున్నం. ఫ్యామిలీ దిక్కు కూసున్నం. నాకు ఇగ ఆగబుద్ధి కాలే.

"డాక్టరమ్మా, ఒక మాట జెప్త. తిట్టొద్దు."

"తూఫాన్‌ని మళ్ళీ తడిలో నిలబెట్టావా?"

"తూఫాన్ ముచ్చట గాదు, నా ముచ్చట. మీరంటె నాకిష్టం."

సాసర్ కింద పెట్టింది. "ఇష్టమంటే?"

"అన్ని తీర్ల ఇష్టం."

"నా వయసెంతో తెలుసా నీకు?"

"యాభై ఒకటి."

"రెండు."

"ఒకటి ఎక్కువైంది. మంచిదే గదా."

గట్టిగ నవ్వింది. హోటలాయన గల్లా మీదికెల్లి తలెత్తి సూసిండు. గా నవ్వు నడుమల్నే ఆగింది.

"మీ అమ్మగారికెన్ని?"

"యాభై అయిదు."

"నువ్వు చెప్పేది నీకు వినపడుతోందా?"

"వినపడ్తున్నది. దినాం వినపడ్తున్నది."

చాయ్ సగంల ఇడిసి లేసి ఎల్లిపోయింది.

తెల్లారి ఆమె రాలే, కాంపౌండర్ డానియేలన్న వచ్చిండు. దాని తెల్లారి గూడ ఆయననే. తూఫాన్ ఆయనను దగ్గరికి రానియ్యలే, ఒక్క తన్ను తన్నిండు. డానియేలన్న తొడ పట్టుకొని కుంటుకుంట పోయిండు. నాకు గూడ ఎవ్వర్నన్న తన్నాలనే ఉండె. పాలు పోసేకాడ లెక్క తప్పుతున్న, బాపు పిలుస్తె పలుకుతలేను. చెప్పకుండ ఉంటె దినాం ఒక గంటన్న ఉండె గదా అని కుమిలిన.

ఆ ఎనక ఒకనాడు నేను గౌరికి కుడితి పెడ్తుంటె రబ్బరు బూట్ల సప్పుడైంది.

"మా డానియేలుని తన్నిన మహానుభావుడు ఎక్కడ?"

నా దిక్కు సూడలే. కూసున్నది, కాలెత్తి తొడ మీద పెట్టుకున్నది, కట్టు ఇప్పింది. కాలుతోని మాట్లాడినట్టు మాట్లాడింది.

"నువ్వన్నది పిచ్చి మాట అనుకుందామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు. ఓసారి నువ్వు గేదెలతో కబుర్లు చెబుతుంటే తలుపు బయట నిలబడి విన్నాను తెలుసా? లోపలికి రాకుండా అలాగే నిలబడిపోయాను. నన్ను నేను తిట్టుకున్నాను కూడా." దూది మార్సింది. "నాకూ ఇష్టమే."

నేను తూఫాన్ కొమ్ము గట్టిగ పట్టుకున్న.

"కానీ దొంగచాటుగా కాదు. నాకు బీపీ ఉంది. ఎవరు చూస్తారో అని వెనక్కి తిరిగి చూసుకుంటూ నడవడం నా వల్ల కాదు. ముందు మీ ఇంట్లో చెప్పు. చెప్పలేకపోతే ఏం ఫరవాలేదు. ఈ కాలు తగ్గాక నేను రావడం మానేస్తాను. నీ మీద కోపం కూడా ఉండదు."

"చెప్త" అన్న.

"కత్తెర" అని చెయ్యి చాపింది. కత్తెర ఆమె చేతుల పెట్టిన. ఆమె చెయ్యి ఎనక్కి తీస్కోలే, నేను గూడ తీస్కోలే. అయోడిన్ వాసన నాకు గిప్పటికి అత్తరు కన్న ఎక్కువ.

ఆ పగటీలే, బువ్వ తినేకాడ, అమ్మ నా పళ్లెం పక్కకు ఒక ఫోటో పెట్టింది. మా గల్లీల ఉండే ఆండాలక్క తెచ్చిన సంబంధం.

"అమ్మా, నేను డాక్టరమ్మను చేస్కుంట."

అమ్మ ముఖం ఎలిగిపోయింది. "డాక్టర్ సదివిన పిల్లనా? గింత మంచి ముచ్చట గిప్పుడా చెప్పేది! ఏడుంటరు? పిల్ల నాయిన ఏం చేస్తడు?"

"పిల్ల గాదమ్మా. మన డాక్టరమ్మనే. తూఫాన్ డాక్టరమ్మ."

బాపు చేతిల ముద్ద చేతిలనే ఉన్నది.

"ఆమె నా కంటె మూడేండ్లే చిన్నదిరా" అన్నది అమ్మ.

"ఎర్కనే."

"ఎర్కనేనట! నాకు కోడలారా, తోడికోడలా?"

బాపుకు నవ్వొచ్చి పొలమారింది. అమ్మ సూసిన సూపుకు నీళ్ల గిలాస పట్టుకొని సీదా కొట్టంలకు పోయిండు.

"నీకు మందు పెట్టిందిరా గా మనిషి."

"మందు తూఫాన్ కాలికి పెట్టిందమ్మా. నాకేం పెట్టలే. నేనే అడిగిన. ఆమె మొదలు ఒప్పుకోక ఎల్లిపోయింది."

అమ్మ పళ్లెం పక్కకు జరిపింది. మళ్ల గొంతు తగ్గించి అడిగింది. "పిల్లలు?"

"పుట్టరు."

"పాలు ఇరిగినయి అన్నట్టు చెప్తవేందిరా!"

"ఆలోచించిన అమ్మా. పిల్లలు లేకపోతె నాకు బాధ అనిపించొచ్చు ఒకనాడు. ఆమె లేకపోతె మాత్రం దినాం అనిపిస్తది."

అమ్మ పళ్లెం తీస్కొని లేసింది. అండ్ల బువ్వ అట్లనే ఉన్నది.

ఆనాటి సంది నాతోని మాట్లాడుడు బంద్. చెప్పాల్సిందంత గౌరికి చెప్పుడు. "సూసినవానే గౌరీ, నా కొడుకు ఇంటికి ముసల్దాన్ని తెస్తడట." బాపు అవుతలికెల్లి, "ఆమె ముసల్దైతె నువ్వేందే?" అన్నడు. ఆ పూట బాపుకు చాయ్ రాలే.

నేను పట్టువట్టి కూసోలే, మాట మార్చలే. పాలు పిండుతున్న, పోస్తున్న. సువర్చల దినాం వస్తున్నది, కట్టు కట్టి పోతున్నది. ఇంట్ల చెప్పిన అన్న. "సరే" అన్నది. ఆమె వస్తె అమ్మ లోపలికి పోయి తలుపేసుకునేది. గని సందుల నుంచి సూసేది. నాకు కనపడేది.

దీవాలి నాలుగు దినాలున్నదనంగ అమ్మ పట్టుచీర కట్టుకొని బయటికొచ్చింది.

"బండి తియ్. దబీర్‌పుర పోవాలె. ఆమె ఇల్లు సూపెట్టు."

"లొల్లి పెట్టుకునేటందుకు పట్టుచీరేందమ్మా?"

"ఆమె ఆఫీసరు. నేనేం తక్కువున్ననా?"

దబీర్‌పుర టేషన్ ఎనక గల్లీల సువర్చల కిరాయి ఇల్లు. మీది అంతస్తు. "నువ్వు కిందనే ఉండు" అని అమ్మ ఒక్కతే ఎక్కింది. నేను చాయ్ బండి కాడ నిలవడ్డ. ఒక రైలు పోయింది. ఇంకొకటి పోయింది. మీదికెల్లి సప్పుడు లేదు. కేకలు ఇనపడినా అంత భయం కాకపోవు. అమ్మ నోరు లేవలేదంటె సంగతేందో సమజైతలేదు.

దిగొచ్చేటప్పటికి అమ్మ కండ్లు ఎర్రగున్నయి. చేతుల స్టీలు డబ్బ ఉన్నది. బండెక్కి కూసున్నది. శాలిబండ మలుపు తిరిగినంక ఎనకనుంచి నా భుజం తట్టింది.

"ఆమెకు ఒంట్లకెల్లి సెగలొస్తయట. నిద్ర పట్టదట. నాకు గూడ ఐదేండ్లు గట్లనే ఉండె, మీ బాపుకు ఎన్నడు సమజ్ గాలే. సలికాలమైనా సరే, ఫ్యాన్ బంద్ చెయ్యకు. ఇంటున్నవా?"

"ఇంటున్న" అన్న. బండి సక్కగ నడుపుడు కష్టమైంది.

ఇంటికి పోంగనే సువర్చలకు ఫోన్ చేసిన.

"మీ అమ్మగారు కూర్చోకుండానే 'మా వాణ్ణి ఇడిసిపెట్టు' అన్నారు. సరేనన్నాను."

"సరే అన్నరా!"

"పూర్తిగా విను. సరేనండీ, నాకూ భయంగానే ఉంది, అన్నాను. ఇంకో పదేళ్ళకి నాకు అరవై దాటతాయి. అప్పుడు మీ అబ్బాయికి మొహం మొత్తితే నా గతేంటి, అన్నాను. అంతే, ఆవిడకి కోపం వచ్చేసింది. 'నా కొడుకు గసుంటోడు కాదు' అన్నారు. మంచంలో ఉన్న నానమ్మకి రోజూ స్నానం చేయించింది నువ్వేనట. 'వట్టిపోయిన బర్రెను గూడ అమ్మనియ్యడు నా కొడుకు, కాళ్లకడ్డం పండుకుంటడు' అన్నారు. నన్ను వట్టిపోయిన గేదెతో పోల్చారు బాలకిషన్!"

"అయ్యో! మీరేమన్నరు?"

"నవ్వాగలేదు. అన్న మాటేంటో ఆవిడకి అప్పుడర్థమైంది. ఆవిడా నవ్వారు. తర్వాత ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఎందుకని మాత్రం అడక్కు. మా కాకినాడ కాజాలు డబ్బాలో పెట్టిచ్చాను. నీకొక్కటైనా మిగిల్చారా?"

మిగల్చలే. బాపు, అమ్మ కొట్టంల పీట మీద కూసొని తింటున్నరు.

సదర్ పొద్దున సువర్చల వచ్చి తూఫాన్ కాలు వొత్తి వొత్తి సూసింది. పుండు మానింది. "నడిపించండి. రెండు కాళ్ళ మీద మాత్రం నిలబెట్టొద్దు. దిగేటప్పుడు బరువంతా ఈ కాలి మీదే పడుతుంది" అన్నది. బాపు ముఖం సిన్నబోయింది. ఏడాదంత ఆ ఒక్క నిమిషం కోసమే బాదం, నెయ్యి తినిపించిండు పాపం. జరసేపు మీసం సవరించుకున్నడు. "డాక్టరమ్మ మాట మాటే. నడుస్తె సాలు" అన్నడు.

మాపటికి బజారంత డప్పులు, లైట్లు. తూఫాన్ నూనెతోని మెరుస్తున్నడు, కొమ్ములకు నెమలీకలు, కాళ్లకు గజ్జెలు. తీన్మార్ కొడ్తుంటె బాపు తూఫాన్ ముంగట ఎగురుతున్నడు. దున్న లేవకపోతె ఏంది, నేనే లేస్త అన్నట్టుండె. సువర్చల మందుల బ్యాగు సంకకేస్కొని అమ్మ పక్కన నిలవడ్డది. గల్లీల ముచ్చట అప్పటికే పాకింది. పోరగాండ్లు నన్ను సూసి మోచేతులు పొడుసుకుంటున్నరు.

ఆండాలక్క మెల్లగ ఒచ్చి, పదిమందికి ఇనపడేటట్టు అడిగింది. "పుష్పమ్మా, ఈమె ఎవలు? మీ చెల్లె లెక్కున్నది."

సువర్చల చెయ్యి బ్యాగు పట్టి మీద బిగుసుకునుడు నేను సూసిన. నేను ముంగటికి పోదామనుకునేలోపట్నే అమ్మ తూఫాన్‌కు పెట్టే కుంకుమ పళ్లెం ఆండాలక్క చేతులకిచ్చింది.

"మా బాలకిషన్‌ను చేస్కుంటున్నది. కార్తీకంలనే పెండ్లి. పసుపు దంచెటానికి పొద్దుగాల్నే రా. లేటు చేస్తవు నువ్వు ఎప్పుడు."

ఆండాలక్క పళ్లెం సక్కగ పట్టుకున్నది. "ఏ దినం?" అని అడిగింది. ఆమె అసలు చెడ్డ మనిషి గాదు, ముచ్చట్ల మనిషి.

పసుపు దంచేనాడు అందరికంటె ముందొచ్చింది గూడ. అందరు గట్ల లేరు. మా మేనమామ గిప్పటిదాక మా గడప తొక్కలే. అమ్మ ఆయనకు రెండుసార్లు ఫోన్ చేసింది, మూడోసారి చెయ్యలే. సువర్చల చెల్లెలు కాకినాడ నుంచి రానన్నది, ఆఖరికి వచ్చి ఏడ్సుకుంట అక్షింతలేసింది. ఇంట్ల చిన్న పెండ్లి. "నన్ను అత్తమ్మా అన్నవంటె ఊకోను" అని అమ్మ ముందే చెప్పింది. పుష్పగారూ అని పిలుస్తది సువర్చల. అమ్మ ఆమెను డాక్టరమ్మనే అంటది.

ఆ తర్వాత పెండ్లి రిజిస్టర్ చేపిచ్చెటానికి పోయినం. ఆఫీసుల గుమాస్తాయన కండ్లద్దాల మీదికెల్లి మా నలుగుర్ని సూసిండు. నన్ను సూసి, "పెండ్లికొడుకు ఈయన" అన్నడు. సువర్చల దిక్కు తిరిగి, "తల్లిగారు మీరు గదమ్మా, సాక్షి కింద ఇక్కడ సంతకం పెట్టుండ్రి" అన్నడు.

బాపు గోడ మీది క్యాలెండర్ దిక్కు తిరిగిండు.

"తల్లి ఆవిడండీ" అన్నది సువర్చల నిమ్మలంగ. "నేను పెళ్ళికూతుర్ని."

ఆయన చెవులు ఎర్రగైనయి. పెన్ను కింద పడ్డది. అంతల్నే అమ్మ గొంతు లేసింది.

"చూసినవా డాక్టరమ్మా! చూసినవా! నేనే చిన్నగ కనపడ్తున్న!"

సువర్చల నవ్వు ఆపెటందుకు చీర కొంగు నోట్ల పెట్టుకున్నది, ఆగలే. అమ్మ గోడకానుకొని నవ్వింది. గుమాస్తా మొదలు భయం భయంగ, తర్వాత కడుపు పట్టుకొని నవ్విండు. సంతకాలన్ని వంకరబోయినయి.

బయట మెట్ల మీద గూడ ఇద్దరి పంచాయితీ ఆగలే.

"మీరు రంగేస్తారు పుష్పగారూ, అందుకే అలా కనపడ్డారు."

"రంగెయ్యకున్నా నేనే చిన్న. మా ముఖం గసుంటిది. పాలు తాగి పెరిగినోళ్లం."

"నేనేం తాగానంటారు, కాఫీయా?"

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని దిగుతున్నరు. చెమట పట్టిందని సువర్చల చేతిల కాగితాలతోని ఇసురుకుంటుంటె, అమ్మ కాగితాలు గుంజుకొని తనే ఇసిరింది. ఎనక నేను పూలదండలు పట్టుకొని, బాపు మిఠాయి డబ్బ పట్టుకొని వస్తున్నం. బాపు ఒక లడ్డు తీసి నా నోట్ల పెట్టిండు.

"వాళ్లిద్దరు ఇప్పట్ల తేల్చరు కొడకా" అన్నడు. "నువ్వు బండి తియ్. పాలు పిండే యాళ్లయింది."